సరిహద్దు దగ్గర తూచే కంప్యూటర్లు



ఎగుమతి చట్టాలకూ, మనం ఇంట్లోకో కాలేజీలోకో కొనుక్కునే కంప్యూటరుకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. కంప్యూటరుకు మెదడులాంటి చిప్పును ప్రాసెసర్ అంటాం. అమెరికా కంపెనీల ప్రాసెసర్లు ఆ దేశపు గడప దాటాలంటే ఒక అంకె చూపించాలి. ఆ చిప్పు సెకనుకు గరిష్ఠంగా ఎన్ని లెక్కలు చేయగలదో కాగితం మీద కట్టిన అంకె అది. ఇంటెల్ వంటి కంపెనీలు తమ ప్రాసెసర్లకు ఈ అంకెలను పట్టికలుగా వేసి అందరికీ అందుబాటులో ఉంచుతాయి. ఎగుమతి కాగితాలు చూసే అధికారి కోసం వేసిన ఆ పట్టికలను ఇప్పుడు మన ఇంజనీరింగు కుర్రాళ్ళూ, కాలేజీ ల్యాబు కోసం కొనుగోలు చేసే మాస్టర్లూ కూడా తిరగేస్తున్నారు. ఈ చిప్పుకు నూటెనిమిది ఉంది, ఆ చిప్పుకు రెండొందల పదిహేడు ఉంది, కాబట్టి రెండోది రెట్టింపు వేగం, ధర ఒకటిన్నర రెట్లయినా మనకు లాభమే అని తేల్చేసేవాళ్ళున్నారు. కంపెనీవాడు ప్రభుత్వానికి చూపే లెక్క కదా, దుకాణంవాడి మాటకన్నా నమ్మదగిందే అని వాళ్ళ ధీమా.

లెక్క నమ్మదగిందే. అది ఏ ప్రశ్నకు జవాబో తెలుసుకోవడమే కావలసింది.

బోరు వేసిన రైతుకు ఈ సంగతి చెప్పడం సులువు. కోలారు వైపు కానివ్వండి, బళ్ళారి వైపు కానివ్వండి, మోటారు మీద ఒక రేకు ఉంటుంది. ఇన్ని హార్స్‌పవర్, నిమిషానికి ఇన్ని లీటర్లు అని దానిమీద కొట్టి ఉంటుంది. రేకు అబద్ధం చెప్పదు. కానీ బోరులో ఊట నిమిషానికి నలభై లీటర్లే అయితే, రెండువందల లీటర్ల మోటారు దించినా మడికి పారేది ఆ నలభై లీటర్లే. ఎగుమతి అంకె అచ్చం ఆ రేకులాంటిది. ప్రాసెసరుకు ఊట ఏమిటంటే మెమరీ నుంచి వచ్చే అంకెల ప్రవాహం. ఈ పోలికను కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

ఇంతకీ ఈ రేకు ఎలా పుట్టింది? రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సోవియట్ కూటమికి యుద్ధానికి పనికివచ్చే సరుకు చేరకుండా చూసుకోవడానికి అమెరికా, దాని మిత్రదేశాలు 1949లో ఒక కమిటీ పెట్టుకున్నాయి. కోకామ్ అని దాని పొట్టిపేరు. అణ్వాయుధాన్ని రూపొందించడానికైనా, రహస్య సంకేతాలను విప్పడానికైనా, క్షిపణి చుట్టూ గాలి ఎలా పారుతుందో తెలుసుకోవడానికైనా వేగంగా లెక్కలు కట్టే యంత్రం కావాలి కనుక కంప్యూటర్లు కూడా ఆ జాబితాలోకి ఎక్కాయి. మరి ఏ కంప్యూటరును ఆపాలి, దేన్ని వదలాలి? దానికోసం 1991లో సీటీపీ అనే కొలత తెచ్చారు. సంయుక్త సైద్ధాంతిక సామర్థ్యం అని మనం చెప్పుకోవచ్చు. దాని ప్రమాణం పేరు ఎంటాప్స్, అంటే సెకనుకు ఎన్ని పదిలక్షల లెక్కలు అని. సైద్ధాంతికం అన్న మాట దాని పేరులోనే ఉందని గమనించండి.

లెక్క కట్టే పద్ధతి పెద్ద కష్టమైనదేమీ కాదు. ప్రాసెసర్ సెకనుకు గరిష్ఠంగా ఎన్ని కూడికలో గుణకారాలో చేయగలదో ముందు తీసుకుంటారు. తర్వాత అది ఎంత పొడుగు అంకెలను పట్టుకోగలదో, అంటే ఎన్ని బిట్లదో చూస్తారు. ఆ బిట్ల సంఖ్యను 96తో భాగించి, వచ్చినదానికి మూడోవంతు కలుపుతారు. 64 బిట్ల చిప్పయితే మూడింట రెండు వంతులూ మూడోవంతూ కలిసి సరిగ్గా ఒకటి అవుతుంది. 32 బిట్లదయితే మూడింట రెండు వంతులు, 16 బిట్లదయితే సగం. కాబట్టి సెకనుకు 30 కోట్ల లెక్కలు చేసే 32 బిట్ల చిప్పుకు 300 కాదు, 200 ఎంటాప్స్ పడుతుంది. అదే మెమరీని పంచుకునే రెండో ప్రాసెసర్ను పక్కన చేరిస్తే, దాని అంకెలో ముప్పావు వంతే కలుపుతారు. ఒక బావిలో ఇద్దరు చేదితే నీళ్ళు రెట్టింపు రావు, చేంతాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటాయి. ఆ మాత్రం లోకజ్ఞానం ఆ సూత్రం కట్టినవాళ్ళకు ఉంది.

అయితే ఇంత లెక్కలోనూ యంత్రాన్ని ఒక్కసారి కూడా నడపలేదు. మీట నొక్కలేదు, ఒక ప్రోగ్రాం వేయలేదు. చిప్పు నమూనా కాగితం చేతిలో ఉంటే చాలు.

దీన్ని వెక్కిరించేముందు అధికారి కుర్చీలో కూడా ఒకసారి కూర్చుని చూడాలి. యంత్రాన్ని నడిపించి కొలవాలంటే ఏ ప్రోగ్రాంతో నడపాలి? వాతావరణం లెక్కకు ఒక యంత్రం ముందుంటుంది, బ్యాంకు ఖాతాలకు మరొకటి. అమ్మేవాడు తనకు అనుకూలమైన ప్రోగ్రాం తెస్తాడు. లైసెన్సు తప్పించుకోవాలనుకునేవాడు యంత్రాన్ని కావాలని మందకొడిగా నడిపి చూపించి, గడప దాటాక పగ్గం వదిలేస్తాడు. కాగితం మీది గరిష్ఠంతో ఈ గొడవ లేదు. యంత్రం ఎంత ఒళ్ళు వంచినా దీన్ని మించదు అని చెప్పగలిగిన అంకె అదొక్కటే. ఇంకా తయారుకాని చిప్పుకు కూడా లెక్క కట్టవచ్చు. ఏ ఊరిలో ఏ అధికారి కట్టినా ఒకే జవాబు వస్తుంది. కాపలావాడికి కావలసింది అదే. కొనేవాడికి కావలసింది మాత్రం అది కాదు.

ఇక గీతల సంగతి. 1990ల మొదట్లో 195 ఎంటాప్స్ దాటిన యంత్రాన్ని సూపర్ కంప్యూటర్ అనేవారు. 1994లో ఆ గీతను 1,500కు జరిపారు. కోకామ్ కూడా ఆ ఏడాది మార్చితోనే ముగిసింది. 1995 అక్టోబరులో క్లింటన్ ప్రభుత్వం ప్రపంచ దేశాలను నాలుగు వర్గాలుగా విడదీసింది. మన దేశం మూడో వర్గంలో పడింది. చైనా, రష్యా, పాకిస్తాన్, ఇజ్రాయెల్ కూడా అందులోనే ఉన్నాయి. ఈ వర్గంలో సైనిక వినియోగదారుకైతే 2,000 ఎంటాప్స్ దగ్గర, పౌర వినియోగదారుకైతే 7,000 దగ్గర లైసెన్సు అడగాలన్నారు. అప్పుడే స్టాన్‌ఫర్డ్‌లో సీమూర్ గుడ్‌మన్ బృందం ఒక పరిశీలన చేసి, నియంత్రించడం సాధ్యంకాని స్థాయి ఒకటుంటుందని చెప్పింది. సంతలో కూరగాయల్లా దొరికే చిప్పులతో ఎవరైనా కట్టుకోగలిగిన యంత్రానికి గీత గీసి లాభం లేదని ఆ మాటకు అర్థం. అయినా 1997 చివర్లో వచ్చిన చట్టం ప్రకారం, 2,000 దాటిన ఏ యంత్రాన్ని మూడో వర్గానికి పంపాలన్నా పదిరోజుల ముందు ప్రభుత్వానికి తెలియజేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. 2000 నాటికి బల్లమీది కంప్యూటర్లలో వాడే 1 గిగాహెర్ట్జ్ పెంటియం త్రీ చిప్పు ఒక్కటే సుమారు 2,300 ఎంటాప్స్‌కు వచ్చింది. అంటే ఆఫీసులో టైపు కొట్టే యంత్రం, చట్టం రాసినప్పటి గీతను దాటి కూర్చుంది. 1999 ఆగస్టులో ఆపిల్ కంపెనీ పవర్ మాక్ జీ4 విడుదల చేసినప్పుడు, ఈ నిబంధననే వ్యాపార ప్రకటనగా మార్చుకుంది. కంప్యూటరు చుట్టూ యుద్ధట్యాంకులు కాపలా కాస్తున్నట్టు టీవీలో చూపించి, ప్రభుత్వం ఆయుధంగా లెక్కగట్టిన యంత్రం మాది అని చాటుకుంది. 2000 ఏప్రిల్‌లో జపాన్ ప్రభుత్వం పిల్లల ఆటవస్తువైన ప్లేస్టేషన్ 2ను కూడా ఎగుమతి నియంత్రణ కిందికి తెచ్చింది. ఆట బొమ్మలను వేగంగా గీసే చిప్పు, క్షిపణికి దారి చూపించడానికి కూడా పనికిరావచ్చన్నది వాళ్ళ అనుమానం.

గీతలు మాత్రం పరుగెత్తాయి. 6,500 అన్నారు, 2000లోనే 12,500 అనీ 28,000 అనీ రెండుసార్లు మార్చారు, 2001 జనవరిలో 85,000, 2002లో 1,90,000. ఇవన్నీ ఒకే నిబంధనకు చెందినవి కావు కానీ, 195తో మొదలైన కథ పదకొండేళ్ళలో ఎక్కడికి చేరిందో చూడండి.

మన దేశం ఈ గీతకు అవతల నిలబడ్డ రోజులున్నాయి. 1980ల చివర్లో, సీటీపీ పుట్టకముందే, మధ్యశ్రేణి వాతావరణ అంచనాల కోసం క్రే కంపెనీ సూపర్ కంప్యూటర్ కావాలని మనం అడిగాం. అడిగింది రెండు ప్రాసెసర్ల ఎక్స్-ఎంపీ 24. చాలా బేరసారాల తర్వాత దొరికింది ఒకే ప్రాసెసర్ ఉన్న ఎక్స్-ఎంపీ 14. అదీ వాతావరణం పనికి తప్ప మరొకదానికి వాడకూడదనే షరతుల మీద. దాని గరిష్ఠ సామర్థ్యం సెకనుకు ఇరవై కోట్ల లెక్కలకు కాస్త పైన. ఇవాళ జేబులో పెట్టుకునే ఫోను దానికి ఎన్నో రెట్లు ముందుంటుంది. బరంపురం నుంచి యానాం దాకా తీరంలో ఉన్న శ్రోతలకు తుఫాను అంచనా అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. 1994లో మన వాతావరణ కేంద్రం నడిపిన ప్రపంచ నమూనాలో ఒక గడికీ పక్క గడికీ మధ్య దూరం సుమారు 150 కిలోమీటర్లు. గోదావరి పాయలన్నీ కలిపి ఒక్క గడిలో పట్టేస్తాయి. గడి చిన్నది చేయాలంటే లెక్కలు విపరీతంగా పెరుగుతాయి. గడి వెడల్పును సగం చేస్తే అడ్డంగా రెండు, నిలువుగా రెండు, కాలపు అడుగు కూడా సగం చేయాలి కాబట్టి ఇంకో రెండు, మొత్తం ఎనిమిది రెట్లు. యంత్రం చిన్నదైతే గడి పెద్దదిగానే ఉంటుంది.

ఆ బేరసారాల్లోంచే మన ప్రయత్నాలు మొదలయ్యాయి. 1988లో పూనాలో సీ-డాక్ సంస్థ ఏర్పడింది. విజయ్ భట్కర్ ఆధ్వర్యంలో 1991లో అక్కడ పరమ్ 8000 తయారైంది. దాని రహస్యం చాలా సాదాది. పెద్ద చిప్పు ఇవ్వకపోతే, బయట దొరికే చిన్న చిప్పులను పదుల సంఖ్యలో తెచ్చి ఒకదానికొకటి ముడివేయడం. ట్రాన్స్‌ప్యూటర్లనే బ్రిటిష్ చిప్పులను అందుకు వాడారు. హైదరాబాదులో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన అనురాగ్ ప్రయోగశాల ఇదే దారిలో పేస్ యంత్రాన్ని కట్టింది. బెంగుళూరులో నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ అంతకుముందే ఫ్లోసాల్వర్ కట్టి ఉంది. ట్రాంబేలో అణు పరిశోధన కేంద్రం అనుపమ్ కట్టుకుంది. ఇన్నిచోట్ల ఇంతమంది ఒకేసారి ఒకే ఉపాయం పట్టారంటే, గుడ్‌మన్ బృందం 1995లో రాసింది మన దేశంలో అప్పటికే ఆచరణలో ఉందన్నమాట.

ఇప్పుడు మళ్ళీ మన పట్టికల దగ్గరికి వద్దాం. సీటీపీ కొలత పాతబడిపోయింది. కోకామ్ తర్వాత 1996లో ఏర్పడ్డ వాసెనార్ ఒప్పందపు దేశాలు 2005 డిసెంబరులో దాన్ని తీసేసి ఏపీపీ అనే కొత్త కొలత పెట్టుకున్నాయి. అమెరికా 2006 ఏప్రిల్‌లో అమలు చేసింది. సవరించిన శిఖర సామర్థ్యం అని దాని అర్థం. ఇందులో 64 బిట్ల దశాంశ లెక్కలను మాత్రమే లెక్కపెడతారు. మామూలు ప్రాసెసర్ అయితే వచ్చినదాన్ని 0.3తో గుణిస్తారు. పాత క్రే యంత్రాల్లాగా పొడుగాటి అంకెల వరుసలను ఒకే ఆదేశంతో నమిలేసే వెక్టర్ ప్రాసెసర్ అయితే 0.9తో గుణిస్తారు. అంటే మామూలు చిప్పు తన రేకు మీది అంకెలో మూడోవంతు కూడా అందుకోదని నియమం రాసినవాళ్ళే ఒప్పుకున్నారు! కొలతలో ఇంత నిజాయితీ ఉండటం నాకైతే ముచ్చటేసింది. మొదట్లో 0.75 దగ్గర పెట్టిన గీత ఆ తర్వాత పలుమార్లు పెరిగి 29కీ, అక్కడినుంచి 70కీ చేరింది. 2017 డిసెంబరులో మన దేశం కూడా వాసెనార్ సభ్యదేశమైంది. ఒకప్పుడు గీతకు అవతల ఆగిపోయినవాళ్ళం గీత గీసేవాళ్ళ వరుసలోకి వెళ్ళాం.

ఒక నిజమైన పోలిక తీసుకుందాం. ఇంటెల్ వారి కోర్ ఐ7-2600 చిప్పు 2011లో వచ్చింది. కోర్ ఐ7-4770 చిప్పు 2013లో వచ్చింది. రెండింటికీ నాలుగేసి కోర్లు. రెండింటి గడియారం వేగమూ 3.4 గిగాహెర్ట్జే. లోపలి చిన్న నిల్వ, కాష్ అంటారు, రెండింటిలోనూ 8 మెగాబైట్లే. మొదటి చిప్పులో ఒక్కో కోరు గడియారం ఒక్కసారి టిక్కుమన్నప్పుడు 8 దశాంశ లెక్కలు చేయగలదు. నాలుగును 3.4తో, దాన్ని 8తో గుణిస్తే 108.8 గిగాఫ్లాప్స్. గిగా అంటే వంద కోట్లు. రెండో చిప్పులో గుణించి వెంటనే కూడే పనిని ఒకే ఆదేశంగా చేశారు, అలాంటి మరలు కోరుకు రెండేసి పెట్టారు. కాబట్టి టిక్కుకు 16 లెక్కలు. మొత్తం 217.6. ఏపీపీ కూడా 0.0326 నుంచి 0.0653కు, అంటే సరిగ్గా రెట్టింపుకు వెళ్తుంది.

మరి ఊట ఎంత పెరిగింది? మొదటిదానికి మెమరీ నుంచి సెకనుకు సుమారు 21 గిగాబైట్లు వస్తాయి, రెండోదానికి 25.6. అంటే మోటారు రెట్టింపయింది, బోరు ఊట ఐదోవంతు మాత్రమే పెరిగింది. ఒక్కో దశాంశ సంఖ్యకు 8 బైట్లు పడతాయి. రెండో చిప్పుకు సెకనుకు 320 కోట్ల సంఖ్యలే అందుతాయన్నమాట. అది చేయగలనంటున్న లెక్కలు మాత్రం 21,760 కోట్లు. తెచ్చుకున్న ప్రతి సంఖ్యనూ 68 సార్లు వాడుకుంటేనే ఆ చిప్పుకు చేతినిండా పని. మొదటిదానికి 41 సార్లు వాడితే సరిపోయేది. పెద్ద పెద్ద సంఖ్యల పట్టికలను ఒకదానితో మరొకదాన్ని గుణించే పనిలో, మాట్రిక్సుల గుణకారం అంటామే, తెచ్చిన సంఖ్య కాష్ తొట్టిలో నిలిచి పదే పదే అక్కరకొస్తుంది. అక్కడ కొత్త ఆదేశాలతో తిరగరాసిన ప్రోగ్రాం ఉంటే రెట్టింపుకు దగ్గరగా వెళ్ళవచ్చు. కానీ ఉత్తరాలు రాసుకోవడం, ఖాతాలు చూసుకోవడం, పాఠాలు చూడటం, విద్యార్థి సీ ప్రోగ్రాం రాసుకుని నడపడం వంటి పనుల్లో ఈ రెండు చిప్పుల మధ్య తేడా పది, పదిహేను, మహా అయితే ఇరవై శాతం. ఈ పనుల్లో దశాంశ లెక్కల వాటా చాలా తక్కువ. ఇది చూడు, అది కాకపోతే ఇటు వెళ్ళు అనే నిర్ణయాలే ఎక్కువ. ఎగుమతి కొలత వాటిని లెక్కపెట్టదు.

పెంటియం ఫోర్ మొదట వచ్చినప్పుడు కూడా ఇదే తంతు. 2000 నవంబరులో 1.5 గిగాహెర్ట్జ్‌తో దిగింది. కాగితం మీద పెంటియం త్రీకి ఒకటిన్నర రెట్లు. అప్పటి మామూలు ప్రోగ్రాముల్లో మాత్రం 1 గిగాహెర్ట్జ్ పెంటియం త్రీ ముందు చాలాచోట్ల తడబడింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టయింది దాని మొదటి ఏడాది.

చిన్న యంత్రాలకే ఇలా జరుగుతుందనుకోకండి. జపాన్‌లో ఫుగాకు అనే సూపర్ కంప్యూటర్ ఉంది. 2020లో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. దానికి మూడు అంకెలున్నాయి, మూడూ నిజమే. కాగితం మీది శిఖరం 537 పెటాఫ్లాప్స్. లిన్‌ప్యాక్ అనే పరీక్షలో నిజంగా నడిపితే 442. ఇది ఆ మాట్రిక్సుల పనే, యంత్రానికి ఇష్టమైన పని. అదే యంత్రానికి హెచ్‌పీసీజీ అనే పరీక్ష పెడితే వచ్చింది 16. ఈ పరీక్షలో సంఖ్యలు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి, ఒకటి తెచ్చుకుంటే ఒకటి రెండు సార్లకు మించి వాడుకోవడం కుదరదు. గాలి, నీరు, వేడి ప్రవహించే తీరును కట్టే లెక్కలు చాలావరకు ఈ జాతివే. 537లో 16 అంటే నూటికి మూడు. అయినా ఆ పరీక్షలో కూడా అప్పట్లో ప్రపంచంలో మొదటిది ఫుగాకే! మిగతావాటి సంగతి మీరే ఆలోచించండి.

ఇటీవలి సంగతి ఒకటి చెప్పాలి. కృత్రిమ మేధకు వాడే చిప్పుల కోసం అమెరికా 2022 అక్టోబరులో వేరే గీత గీసింది, ఏడాది తర్వాత 2023 అక్టోబరులో దాన్ని బిగించింది. ఇప్పుడు కొలత పేరు టీపీపీ, మొత్తం ప్రాసెసింగ్ సామర్థ్యం. సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలో తీసుకుని, దాన్ని బిట్ల సంఖ్యతో గుణించడమే. ఎన్విడియా కంపెనీ ఏ100 చిప్పు 16 బిట్ల లెక్కలు 312 లక్షల కోట్లు చేస్తుంది. 312ను 16తో గుణిస్తే 4,992. గీత ఎక్కడ పెట్టారంటే 4,800 దగ్గర. ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదని అర్థమవుతూనే ఉంది కదా. ఆటల కోసం అమ్మే ఆర్‌టీఎక్స్ 4090 కార్డు కూడా గీత దాటేసరికి, చైనా కోసం 16,384 చిన్న కోర్లలో కొన్ని తగ్గించి 14,592తో 4090డీ అని మరొకటి విడుదల చేశారు. అది గీతకు కాస్త కిందికి వచ్చి కూర్చుంది.

అంతకన్నా తమాషా హెచ్20 అనే చిప్పుది. ఇదీ చైనా కోసం చేసిందే. దాని టీపీపీ 2,368. పెద్దన్న హెచ్100ది దాదాపు 15,800. అంటే ఆరోవంతు కన్నా తక్కువ. కానీ మెమరీ ఊట హెచ్100కు సెకనుకు 3.35 టెరాబైట్లయితే, హెచ్20కి 4 టెరాబైట్లు. మోటారు చిన్నది, ఊట పెద్దది. కొత్త మేధను తయారుచేసే పనిలో, అంటే కోట్లాది పుటలు నేర్పించే పనిలో, అది వెనకబడుతుంది. కానీ నేర్చుకున్న యంత్రం మన ప్రశ్నకు ఒక్కో మాటగా జవాబు చెప్పేటప్పుడు, ప్రతి మాటకూ మెమరీ మొత్తాన్ని తిరగేయాలి. అక్కడ ఊటే ప్రధానం. ఆ పనిలో కాగితం మీది ఆరోవంతు చిప్పు హెచ్100కు తీసిపోకుండా నిలబడగలదు. తక్కెడలో ఒక పళ్ళెమే చూస్తే ఇలాగే జరుగుతుంది.

మన దేశానికి కూడా ఈ కొలత ఒకసారి చుట్టుకుంది. 2025 జనవరిలో అమెరికా ప్రకటించిన ఒక నిబంధనలో దేశాలను మళ్ళీ మూడు అంచెలు చేసి, మనను మధ్య అంచెలో పెట్టారు. ఆ అంచెలోని ఒక్కో దేశానికి 2027 వరకు 79 కోట్ల టీపీపీ అని కోటా కట్టారు. సుమారు యాభైవేల హెచ్100 చిప్పులకు సమానం. పాత రోజుల్లో యంత్రానికి గీత గీసేవారు, ఈసారి దేశానికి మొత్తంగా రేషను కార్డు రాశారు. అమలుకు రాకముందే, మే నెలలో దాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించారు. నా అభిప్రాయం అడిగితే, తక్కెడ కన్నా గీతనే ఎక్కువ గమనించాలంటాను. తక్కెడ ఇంజనీర్లు కడతారు, గీత ఎక్కడ పడాలో వేరేవాళ్ళు నిర్ణయిస్తారు.

చివరగా, కొనుగోలు చేసేవారికి రెండు మాటలు. ఒకే కంపెనీవి, ఒకే తరానికి చెందిన రెండు చిప్పులయితే, కోర్లూ గడియారమూ మాత్రమే తేడా అయితే, ఎగుమతి అంకెతో పోల్చుకోవడంలో పెద్ద తప్పేమీ లేదు. తరం మారినా, కంపెనీ మారినా ఆ అంకెను పక్కన పెట్టండి. దాని బదులు ఆ చిప్పు మెమరీకి సెకనుకు ఎన్ని గిగాబైట్లు అందుతాయో అదే వివరాల కాగితంలో ఉంటుంది, దాన్ని చూడండి. గిగాఫ్లాప్స్‌ను 8తో గుణించి ఆ గిగాబైట్లతో భాగిస్తే, ఒక్కో సంఖ్యను ఎన్నిసార్లు వాడుకోవాలో ఇందాక మనం కట్టిన లెక్క మీకే వచ్చేస్తుంది. అది మీ పనికి అయ్యేదేనా కాదా అని ఆలోచించుకోవచ్చు. 1988లో ఏర్పడిన స్పెక్ అనే సంస్థ నిజమైన ప్రోగ్రాములు నడిపి చూసిన ఫలితాలను ప్రచురిస్తుంది, వాటిని కూడా తిరగేయండి.

కాలేజీ ల్యాబు టెండరు రాసే మాస్టర్లు అందులో ఇన్ని గిగాఫ్లాప్స్ ఉండాలని రాయకండి. పిల్లలు ఏడాది పొడుగునా నడపబోయే ప్రోగ్రాములు మూడో నాలుగో ఒక పెన్‌డ్రైవులో వేసుకుని దుకాణానికి వెళ్ళండి. ఇవి ఇన్ని నిమిషాల్లో పూర్తికావాలి, మా ఎదుట నడిపి చూపించండి అని అడగండి. దానికి చేతి గడియారం చాలు.